మోటర్‌హోమ్‌లో ఇంగ్లండ్ దాటి వెళ్ళేవాళ్ళు ఏ శాటిలైట్ రిసీవర్ కొనుక్కోవాలి?

ఏటా జూన్ చివర్లో నేనూ మా ఆవిడా మోటర్‌హోమ్ (లోపలే పడకా వంటిల్లూ ఉన్న బండి) వేసుకుని న్యూహేవెన్ రేవులో ఓడెక్కి దియెప్‌లో దిగుతాం. అక్కణ్ణించి మూడు వారాలు ఫ్రాన్స్. పగలు ఎన్ని ఊళ్ళు తిరిగినా సాయంత్రానికి వింబుల్డన్ చూడందే ఆవిడకి అన్నం సయించదు. రాత్రి బీబీసీ వార్తలు చూడందే నాకు నిద్ర పట్టదు. అందుకని బండిలో చిన్న టీవీ, ఒక డిష్, ఒక రిసీవర్ ఎప్పుడూ ఉంటాయి. ఈమధ్య బండి కొన్న మన తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఏ పెట్టె కొనమంటారు?" అని అడిగారు. ఫోన్లో చెప్తే సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తీర్పు చెప్పేస్తాను. మామూలుగా చూసుకోవడానికి ఖరీదైన పెట్టె అక్కర్లేదు. 12 వోల్టులతో నేరుగా పనిచేసే, హెచ్‌డీ ఛానెళ్ళు పట్టే చిన్న రిసీవర్ వంద పౌండ్ల లోపే దొరుకుతుంది, అది చాలు. డబ్బు మిగిలితే డిష్ మీదా, మంచి కేబుల్ మీదా పెట్టండి. రిసీవర్ ఎంత గొప్పదైనా డిష్‌కి అందని సిగ్నల్‌ని పుట్టించలేదు. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే మొదటి రెండేళ్ళలో నేను పెట్టెలు మార్చేవాణ్ణి కాదు, డిష్ మార్చేవాణ్ణి.

ముందు ఎంత దూరం వెళ్తారో తేల్చుకోండి

బ్రిటన్ ఛానెళ్ళు తూర్పు 28.2 డిగ్రీల దగ్గరున్న ఆస్ట్రా ఉపగ్రహాల నుంచి వస్తాయి. వాటిలో ఆస్ట్రా 2ఎఫ్ 2012లో, 2ఇ 2013లో, 2జి 2014లో పైకి వెళ్ళాయి. బీబీసీ, ఐటీవీ లాంటి ముఖ్యమైన ఛానెళ్ళు వీటిలో బ్రిటన్ మీదికి గురిపెట్టిన స్పాట్ బీమ్‌లో వస్తాయి. చీకట్లో టార్చిలైటు వేస్తే నడిమధ్య వెలుగు గట్టిగా పడి, అంచులకి పోయేకొద్దీ మసకబారినట్టే ఈ బీమ్ కూడా. నార్మండీ, బ్రిటనీ దాకా వెలుగు బాగానే ఉంటుంది. బోర్డో, లియోన్ దాటితే మసక మొదలవుతుంది. స్పెయిన్ దక్షిణ కొసకి వెళ్తే దాదాపు చీకటే. 2014 ఫిబ్రవరిలో బీబీసీ ఛానెళ్ళు ఈ కొత్త బీమ్‌కి మారినప్పుడు స్పెయిన్ దక్షిణ తీరంలో స్థిరపడ్డ ఇంగ్లిషు వాళ్ళ ఇళ్ళలో టీవీలు ఆగిపోయాయి. అంతకుముందు పనిచేసిన డిష్‌లే ఒక్కసారిగా చాలకుండా పోయాయి. రిసీవర్లలో ఏ లోపమూ లేదు.

కాబట్టి లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. 60, 65 సెంటీమీటర్ల డిష్‌తో ఉత్తర ఫ్రాన్స్ అంతా, మధ్య ఫ్రాన్స్‌లో చాలా భాగం ధీమాగా చూడొచ్చు. 80, 85 అయితే పిరనీస్ కొండల దాకా ఆశ పెట్టుకోవచ్చు, వానొస్తే మాత్రం తెర ముక్కలు ముక్కలవుతుంది. స్పెయిన్ దక్షిణ తీరంలోని మలగా దగ్గర శీతాకాలం గడుపుదామనుకునేవాళ్ళకి కావలసిన డిష్ దాదాపు రెండు మీటర్లు. అది ఇంటి పెరట్లో పాతుకోవాల్సిన వస్తువు, బండి మీద మోసేది కాదు. అలాంటివాళ్ళు ఏ రిసీవర్ కొన్నా బీబీసీ రాదు, వేరే ఉపగ్రహం వైపు తిరగాల్సిందే.

28.2లోనే అన్నీ ఒకే బీమ్‌లో రావు. యూరప్ అంతా పరుచుకున్న బీమ్‌లో వచ్చేవీ ఉన్నాయి. అందుకే దక్షిణానికి పోయేకొద్దీ ముందు బీబీసీ మాయమై, ఏవో కొన్ని ఛానెళ్ళు మాత్రం మిగులుతాయి. అది చూసి పెట్టె పాడైందనుకుని దుకాణానికి తిరిగి పంపినవాళ్ళు నాకు తెలుసు.

ఏ పెట్టెకైనా తప్పనిసరిగా ఉండాల్సినవి

మొదటిది డీవీబీ-ఎస్2, అంటే ఉపగ్రహం నుంచి హెచ్‌డీ ఛానెళ్ళు వచ్చే కొత్త ప్రసార పద్ధతి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. 2023లో ఒక ఆన్‌లైన్ అంగడిలో చవగ్గా ఒక పెట్టె కొన్నాను. ప్రకటనలో పెద్దక్షరాలతో హెచ్‌డీ అని ఉంది, వెనక హెచ్‌డీఎంఐ సాకెట్ కూడా ఉంది. బ్రిటనీలో ఆ వేసవి బాగానే పనిచేసింది. 2024 జనవరి 8 నాటికి బీబీసీ ఉపగ్రహం మీద ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు బొమ్మ) ఛానెళ్ళు ఆపేసి హెచ్‌డీ మాత్రమే ఉంచింది. ఆ తర్వాత ఆ పెట్టెలో ఒక్క బీబీసీ ఛానెలూ రాలేదు. విప్పి చూస్తే అది పాత డీవీబీ-ఎస్ పెట్టె. లోపలికి వచ్చేది మామూలు బొమ్మ, దాన్నే సాగదీసి హెచ్‌డీఎంఐ తీగలోంచి బయటికి పంపేది. హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్నంత మాత్రాన హెచ్‌డీ ట్యూనర్ ఉన్నట్టు కాదు. పెట్టె వివరాల్లో డీవీబీ-ఎస్2 అనీ, హెచ్.264 లేదా ఎంపెగ్-4 అనీ స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. పాత సరుకు ఇంకా సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతూనే ఉంది. జర్మనీలో ఏఆర్‌డీ అనే ప్రసార సంస్థ కూడా 2025 జనవరి 7న ఉపగ్రహం మీద ఎస్‌డీకి స్వస్తి చెప్పింది, కాబట్టి ఇది ఒక్క బ్రిటన్ సంగతే కాదు.

రెండోది కరెంటు. బండి లోపలి లైట్లకీ టీవీకీ వాడే లీజర్ బ్యాటరీ 12 వోల్టులదని అంటాం గానీ అది ఎప్పుడూ 12 దగ్గర నిలబడదు. వాడేకొద్దీ దిగుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడో, కప్పు మీది సోలార్ పలక ఛార్జి చేస్తున్నప్పుడో 14.4 దాకా ఎక్కుతుంది. గోడ అడాప్టర్‌తో వచ్చే పెట్టెల్లో చాలావాటికి ఆ అడాప్టర్ మీద 12 వోల్టులని రాసి ఉంటుంది. తీగ కోసి నేరుగా బ్యాటరీకి కలిపితే సరిపోతుందని చాలామంది చెబుతారు. సరిపోవచ్చు, కాలిపోనూ వచ్చు. ఆ పెట్టె నిలకడైన 12 వోల్టుల కోసం చేసింది. బండ్ల కోసమే చేసిన రిసీవర్ కొనండి, లేదా మధ్యలో ఒక వోల్టేజ్ స్టెబిలైజర్ పెట్టండి. ప్లగ్గులో ఏది ప్లస్సో ఏది మైనస్సో చూసుకోవడం మరవకండి.

మూడోది సిగ్నల్ చూపించే తెర. ఇది ఎవరూ పట్టించుకోరు గానీ, రోజుకో ఊళ్ళో డిష్ నిలబెట్టేవాడికి ఇదే ప్రాణం. ప్రతి రిసీవర్ రెండు గీతలు చూపిస్తుంది, ఒకటి స్ట్రెంత్, ఒకటి క్వాలిటీ. డోర్డోన్య నది ఒడ్డున ఒక క్యాంప్‌సైట్‌లో రెండు గంటలు డిష్‌తో కుస్తీ పట్టాను. స్ట్రెంత్ గీత నిండుగా ఉంది, బొమ్మ మాత్రం లేదు. పక్క బండిలోంచి ఒక డచ్చి పెద్దాయన వచ్చి చూసి, పిడికిలి బిగించి చేయి చాపి, ఆ పిడికిలి వెడల్పు అంత డిష్‌ని ఎడమకి జరిపాడు. బీబీసీ వచ్చేసింది. స్ట్రెంత్ అంటే ఎల్‌ఎన్‌బికి (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే పరికరానికి) కరెంటు అందుతోంది, కేబుల్ తెగలేదు అనే అర్థం. బొమ్మ రావాలంటే క్వాలిటీ గీత లేవాలి. నేను పట్టుకున్నది 19.2 డిగ్రీల దగ్గరున్న మరో ఆస్ట్రా, జర్మన్ ఛానెళ్ళది. దక్షిణానికి తిరిగి నిలబడితే తూర్పు ఎడమవైపు ఉంటుంది కాబట్టి 28.2 దానికి ఎడమన, కాస్త కిందుగా ఉంటుంది. చాపిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు. ఈ కొలత ఇప్పటికీ నాకు ప్రతి మజిలీలో పనికొస్తోంది.

కొనేటప్పుడు ఆ రెండు గీతలు పెద్దగా, ఆలస్యం లేకుండా కదిలే పెట్టెని ఎంచుకోండి. కొన్ని పెట్టెల్లో డిష్ కదిపిన మూడు నాలుగు సెకన్లకి గానీ గీత కదలదు. అలాంటి దానితో అరగంట పని రెండు గంటలవుతుంది.

ఫ్రీశాట్ పెట్టె, మామూలు ఎఫ్‌టీఏ పెట్టె

అసలు ఎంపిక ఈ రెంటి మధ్యే.

ఫ్రీశాట్ అంటే బ్రిటన్‌లో మన డీడీ ఫ్రీ డిష్ లాంటిదే అనుకోండి. నెల చందా లేదు, కార్డు లేదు, పెట్టె కొంటే చాలు. మన ఫ్రీ డిష్ డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో 2004 డిసెంబర్‌లో మొదలైంది, ఫ్రీశాట్ 2008 మేలో బీబీసీ, ఐటీవీ కలిసి మొదలుపెట్టినది. హ్యూమాక్స్, మాన్‌హాటన్ లాంటి కంపెనీలు దీనికోసం పెట్టెలు చేశాయి. ఇందులో సుఖమేంటంటే అన్నీ అదే సర్దుకుంటుంది. మీ ఇంటి పోస్ట్‌కోడ్ ఒకసారి కొడితే మీ ప్రాంతపు బీబీసీ వన్ 101 మీద, మిగతావన్నీ వరసలో వచ్చి కూచుంటాయి. ఫ్రాన్స్‌లో ఉన్నా ఇంటి పోస్ట్‌కోడే ఉంచుకోవచ్చు, ఇబ్బంది లేదు. ఛానెల్ ఫ్రీక్వెన్సీ మారినా పెట్టె తనంతట తాను మార్చుకుంటుంది. ఏడు రోజుల కార్యక్రమాల పట్టిక కనిపిస్తుంది. రిమోట్ ఎవరి చేతికిచ్చినా భయం ఉండదు. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నప్పుడు ఇంట్లో ఫ్రీశాట్ పెట్టెని రెండో రోజుకే ఒంటి చేత్తో నడిపేశారు.

దీని ఇబ్బంది కూడా ఆ సుఖంలోనే ఉంది. ఫ్రీశాట్‌కి 28.2 తప్ప వేరే లోకం లేదు. కొన్నిటిలో ఫ్రీశాట్ కాని మోడ్ ఒకటి ఉంటుంది గానీ అందులోకి వెళ్ళడం, మళ్ళీ వెనక్కి రావడం ప్రయాణంలో విసుగు పుట్టిస్తుంది. మొదటిసారి పెట్టినప్పుడు సిగ్నల్ దొరక్కపోతే కొన్ని పెట్టెలు ముందుకే కదలవు. అందుకని ఫ్రీశాట్ పెట్టె కొంటే సెట్టింగ్ అంతా ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని, ఆ తర్వాతే బండిలో పెట్టుకోండి.

ఎఫ్‌టీఏ పెట్టె అంటే ఉచితంగా వచ్చే ఏ ఛానెల్‌నైనా, ఏ ఉపగ్రహం నుంచైనా పట్టే మామూలు రిసీవర్. మన ఊళ్ళల్లో ఫ్రీ డిష్‌కి కొనే చిన్న నల్ల పెట్టెలకి ఇది అన్న వరస. యూరప్‌లో క్యాంపింగ్ వాళ్ళ కోసం 12 వోల్టుల తీగతో సహా అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇవే. 28.2 చూస్తారు, రాకపోతే 19.2కి తిరుగుతారు, లేదంటే 13 డిగ్రీల హాట్‌బర్డ్‌కి. ఈ రెండు చోట్లా ఇంగ్లిషులో అంతర్జాతీయ వార్తా ఛానెళ్ళు కొన్ని ఉచితంగా వస్తాయి, 19.2లో జర్మన్ ఛానెళ్ళు బోలెడు. భాష రాకపోయినా వాతావరణ పటం అర్థమవుతుంది, ఫుట్‌బాల్‌కి భాషే అక్కర్లేదు.

దీనితో కష్టమల్లా మొదటి సాయంత్రమే. స్కాన్ కొడితే 28.2లో వందల ఛానెళ్ళు క్రమం లేకుండా దిగుతాయి. బీబీసీ వన్ ఒక్కటే ప్రాంతానికొకటి చొప్పున చాలాసార్లు కనిపిస్తుంది. వాటిలోంచి మీకు కావలసిన ఇరవై ఏరి ఫేవరిట్స్‌లో వేసుకోవాలి. ఒక కప్పు కాఫీ పెట్టుకుని కూచుంటే గంట పని, అదీ ఒక్కసారే. కార్యక్రమాల పట్టికలో మాత్రం ఇప్పుడేం వస్తోంది, తర్వాతేం వస్తుంది అనే రెండు వరసలే సాధారణంగా కనిపిస్తాయి. ఫ్రీశాట్ పంపే ఏడు రోజుల పట్టిక ప్రత్యేకమైన పద్ధతిలో కుదించి ఉంటుంది, మామూలు పెట్టె దాన్ని చదవలేదు. ఛానెల్ ఫ్రీక్వెన్సీ మారినప్పుడు మళ్ళీ స్కాన్ చేసుకోవాల్సింది కూడా మనమే.

గడియారం సంగతి కూడా చెప్పాలి. ఫ్రాన్స్ బ్రిటన్‌కన్నా ఒక గంట ముందుంటుంది. ఫ్రీశాట్ పెట్టె బ్రిటన్ సమయమే చూపిస్తుంది, ఎఫ్‌టీఏ పెట్టెలో మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు. రాత్రి పదింటి వార్తలు అక్కడ పదకొండింటికి వస్తాయి. రికార్డింగ్ పెట్టుకునేవాళ్ళు ఏ గడియారం ప్రకారం పెడుతున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

రికార్డింగ్ అంటే గుర్తొచ్చింది. చాలా ఎఫ్‌టీఏ పెట్టెల్లో పెన్‌డ్రైవ్ గుచ్చితే రికార్డు చేస్తాయి. ఫ్రీశాట్‌లో దీనికి హార్డ్ డిస్క్ ఉన్న ఖరీదైన పెట్టె కావాలి, చవక రకంలో రికార్డింగే ఉండకపోవచ్చు. గతుకుల రోడ్ల మీద తిరిగే బండిలో తిరిగే హార్డ్ డిస్క్ కన్నా పెన్‌డ్రైవే మేలని నా ఉద్దేశం.

ఇక ఎవరికేది? ఏటా నార్మండీ, బ్రిటనీ, లువార్ లోయ దాకానే వెళ్ళి, ఇంట్లో టీవీ ఎలా ఉందో అలాగే ఉండాలనుకునేవాళ్ళకి ఫ్రీశాట్. ఆల్ప్స్, ఇటలీ, జర్మనీ, స్పెయిన్ అని దారి పట్టుకుపోయేవాళ్ళకి ఎఫ్‌టీఏ. రెంటి మధ్య ఊగిసలాడేవాళ్ళకి కూడా నేను ఎఫ్‌టీఏనే చెప్తాను. ఫ్రీశాట్ చూపించే ఛానెళ్ళన్నీ ఉచితమే కాబట్టి అవి దీనిలోనూ వస్తాయి. పోగొట్టుకునేది ఆ వరస, ఆ పట్టిక మాత్రమే.

ట్యూనర్ టీవీలోనే ఉంటే

టీవీ కూడా కొత్తగా కొనాల్సి ఉంటే ఈ ప్రశ్న మారిపోతుంది. బండ్ల కోసమే 12 వోల్టుల టీవీలు చేసే ఏవ్‌టెక్స్ లాంటి కంపెనీలు శాటిలైట్ ట్యూనర్‌ని టీవీలోనే పెట్టి ఇస్తున్నాయి. పెట్టె లేదు, రెండో రిమోట్ లేదు, మధ్యలో హెచ్‌డీఎంఐ తీగ లేదు. బ్యాటరీ మీద భారమూ తగ్గుతుంది. చిన్న బండిలో ప్రతి అంగుళమూ విలువైనదే కదా. ఈ సౌకర్యం కోసం కాస్త ఎక్కువ పెట్టడం నాకు తప్పనిపించదు.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో వాడుకోవడానికి చేసిన కొన్ని టీవీల్లో శాటిలైట్ ట్యూనర్ ఉన్నా, ఛానెళ్ళ జాబితా సర్దుకోవడం నరకం. ఫ్రీక్వెన్సీ మనం స్వయంగా టైపు చేసే వీలు ఉందా, ఉపగ్రహం పేరు ఎంచుకునే మెనూ ఉందా అని దుకాణంలో ఆన్ చేయించి చూడండి. ఉదాహరణకి 19.2 మీద జర్మనీ ఛానెల్ దాస్ ఎర్‌స్టే హెచ్‌డీని పట్టాలంటే 11494 (ఫ్రీక్వెన్సీ), హారిజాంటల్ (పోలరైజేషన్), 22000 (సింబల్ రేట్) అనే మూడు వివరాలు కొట్టగలగాలి. ఆ మూడూ కొట్టే చోటు మెనూలో ఐదు నిమిషాల్లో దొరక్కపోతే ఆ టీవీ బండికి పనికిరాదు.

ఇంకొకటి, టీవీలో గీతలు చూస్తూ డిష్ తిప్పాలంటే బయటివాడు లోపలి తెర చూడలేడు. ఆవిడ లోపలి నుంచి కేకేస్తుంటే నేను బయట తిప్పేవాణ్ణి. చిన్న పెట్టె, చిన్న తెర ఉంటే వాటిని కిటికీ దగ్గరికి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో ఉన్న పెట్టెనే తీసుకెళ్తే?

కొత్తది కొనకుండా ఇంటి పెట్టెనే ఇన్వర్టర్ మీద నడపొచ్చా అని అడుగుతారు. క్యాంప్‌సైట్‌లో కరెంటు హుక్-అప్ తీసుకునేవాళ్ళయితే నిక్షేపంగా నడపొచ్చు. ఫ్రాన్స్‌లో కొన్ని చోట్ల 6 ఆంపియర్లే ఇస్తారు, దానికి కెటిల్, హీటర్ కలిపి పెడితే ట్రిప్ అవుతుంది గానీ టీవీ, రిసీవర్ లెక్కలోకే రావు.

హుక్-అప్ లేని చోట్ల, ఎయిర్ అని పిలిచే మోటర్‌హోమ్ మజిలీల్లో రాత్రులు గడిపేవాళ్ళు మాత్రం బ్యాటరీ లెక్క వేసుకోవాలి. 22 అంగుళాల 12 వోల్టుల టీవీ సుమారు 2 ఆంపియర్లు తాగుతుంది. చిన్న రిసీవర్, దాని తీగ మీద బతికే ఎల్‌ఎన్‌బి కలిపి ఇంకో ఆంపియర్. సాయంత్రం మూడు గంటలు చూస్తే 9 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి మనకి చేతికొచ్చేది 50. అందులో 9 అంటే భరించగలిగిందే. అదే ఇన్వర్టర్ పెడితే 12ని 230 చేసి, మళ్ళీ అడాప్టర్ దాన్ని 12 చేస్తుంది. రెండుసార్లు మార్చిన చోట రెండుసార్లు నష్టం, పైగా ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకు కూడా కొంత తాగుతుంది. రాత్రి ఆపడం మరిచిపోతే తెల్లారి నీళ్ళ పంపు తిరగదు. ఒక్క రెండు వారాల ప్రయాణం కోసమైతే ఇంటి పెట్టెనే తీసుకెళ్ళండి. ఏటా వెళ్తే వద్దు.

బ్రిటన్‌లో చందా కట్టి చూసే స్కై పెట్టెల గురించి క్లుప్తంగా చెప్తాను. వాళ్ళ స్కై క్యూ పెట్టెకి కావలసిన వైడ్‌బ్యాండ్ ఎల్‌ఎన్‌బి వేరు, మోటర్‌హోమ్ డిష్‌ల మీద మామూలుగా ఉండే యూనివర్సల్ ఎల్‌ఎన్‌బి వేరు. చందా కడుతున్నాం కదా అని ఇంటి నుంచి పీక్కెళితే అక్కడ పనిచేయక బాధపడతారు. మామూలు అవసరానికి ఇది దారి కాదు.

ఇండియా నుంచి పెట్టె తెస్తే?

ఇదీ అడిగారు. తెలుగు ఛానెళ్ళ కోసం ఇంటి దగ్గరి డీటీహెచ్ పెట్టె తెచ్చుకుంటే ఫ్రాన్స్‌లో వస్తుందా అని. రాదు. ఫ్రీ డిష్ ఉపగ్రహం తూర్పు 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. లండన్ నుంచి చూస్తే అది నేల అంచు కింద ఉంటుంది. డిష్‌ని ఎటు తిప్పినా కనపడదు. చందా పెట్టెలైతే కార్డు సంగతి వేరే. ఫ్రీశాట్ జాబితాలో కూడా తెలుగు ఛానెల్ లేదు. తెలుగు వార్తలకీ సినిమాలకీ ఫోనూ ఇంటర్నెట్టే గతి, డిష్ మీద ఆశ పెట్టుకోవద్దు.

అలాగైతే అన్నీ ఇంటర్నెట్‌లోనే చూడొచ్చు కదా అంటే, బీబీసీ ఐప్లేయర్ బ్రిటన్ బయట పనిచేయదు. రోమింగ్ డేటాకి నెలవారీ పరిమితి ఉంటుంది, హెచ్‌డీ బొమ్మ గంటకి ఒకటిన్నర నుంచి మూడు జీబీ దాకా తినేస్తుంది. రెండు వారాల టెన్నిస్‌కి ఆ లెక్క ఎక్కడ తేలుతుందో మీరే చూసుకోండి. డిష్ అయితే చూసినంత సేపూ ఖర్చు లేదు.

డిష్ నిలబెట్టే చోటు

రిసీవర్ గురించి రాస్తూ ఇది చెప్పకపోతే సలహా సగమే అవుతుంది. విజయవాడలో ఇంటి మీది ఫ్రీ డిష్ 93.5ని వెతుక్కుంటూ 65 డిగ్రీల ఎత్తుకి చూస్తుంది, అంటే నడినెత్తికి కాస్త దిగువ. చుట్టూ కొబ్బరిచెట్లున్నా లెక్కచేయదు. లండన్‌లో 28.2 ఉండేది 25 డిగ్రీల ఎత్తులోనే. దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసోన్‌లో 34. డిష్ చూపు చెట్టు కొమ్మల్లోకే పోతుంది. పది మీటర్ల చెట్టు ఎదురుంటే ఇంగ్లండ్‌లో దానికి ఇరవై రెండు మీటర్ల దూరంలో, దక్షిణ ఫ్రాన్స్‌లో పదిహేను మీటర్ల దూరంలో ఉండాలి. అందుకే క్యాంప్‌సైట్‌లో చోటు ఇస్తున్నప్పుడు నీడ ఎటుందని కాదు, ఆగ్నేయం ఖాళీగా ఉందా అని చూస్తాను. వాస్తులో వంటింటికి పెట్టిన మూలే, కాకపోతే ఇంకాస్త దక్షిణానికి. దిక్సూచి మీద 145 డిగ్రీలు. లండన్ నుంచి కార్కసోన్ దాకా ఈ దిక్కు దాదాపు మారదు, డిష్‌ని పైకెత్తుకుంటూ పోవడమే. దిక్సూచిని బండి ఇనుముకి ఆనుకుని చూడకండి, నాలుగడుగులు దూరం జరిగి చూడండి.

బండి కప్పు మీద బిగించిన డిష్ అయితే బండి ఎండలో ఉండాలి. నేల మీద నిలబెట్టే త్రిపాది డిష్ అయితే బండిని నీడలో పెట్టి, డిష్‌ని పదిహేను మీటర్ల కేబుల్‌తో ఎండలోకి తీసుకెళ్ళొచ్చు. జూలైలో దక్షిణ ఫ్రాన్స్ ఎండ తెలిసినవాళ్ళకి ఈ తేడా విలువ చెప్పక్కర్లేదు. నొక్కగానే తనంతట తాను వెతుక్కునే డిష్‌లు వందల పౌండ్ల నుంచి వేల దాకా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అవి వరమే. అవి కొన్నా రిసీవర్ మాత్రం ఇక్కడ చెప్పిన చిన్నదే చాలు.

కేబుల్ బిగించేటప్పుడు రిసీవర్ ఆపేసి బిగించండి. ఆ తీగలోంచే ఎల్‌ఎన్‌బికి 13, 18 వోల్టుల కరెంటు వెళ్తుంది. పై అల్లిక తీగలో ఒక్క వెంట్రుక నడిమి రాగి తీగని తాకితే షార్ట్ అవుతుంది. మంచి పెట్టె తనంతట తాను ఆగి, షార్ట్ అని తెర మీద చూపిస్తుంది. నాసిరకం పెట్టె అక్కడితో చచ్చిపోతుంది. మా మొదటి చవక పెట్టె పోయింది అలాగే.

ఇప్పుడు మా బండిలో 12 వోల్టుల ఎఫ్‌టీఏ హెచ్‌డీ పెట్టె, 80 సెంటీమీటర్ల త్రిపాది డిష్, 22 అంగుళాల టీవీ ఉన్నాయి. ఫేవరిట్స్‌లో పద్దెనిమిది ఛానెళ్ళున్నాయి, మొదటి మూడు ఆవిడవి. మీరు ఏది కొన్నా, ఓడ టికెట్ తీసుకునే ముందు ఒక సాయంత్రం ఇంటి ముందు బండి నిలిపి, ఇంటి కరెంటు తీగ పీకేసి, బ్యాటరీ మీదే మూడు గంటలు నడిపి చూడండి. దుకాణాలు వాపసు తీసుకునే గడువు సాధారణంగా మీరు ఫ్రాన్స్‌లో ఉండగానే అయిపోతుంది.